పైతోలు తీసిన ముక్క

నేను చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే పరంజా కట్టే పని అని చెబుతాను. మేస్త్రీ గోడ లేపేటప్పుడు సరుగుడు కర్రలతో పరంజా కడతాడు, గోడ నిలబడ్డాక విప్పేస్తాడు. నేను ఒంట్లో కండ పోయిన చోట, మళ్ళీ కండ వచ్చేదాకా నిలబడే పరంజా చేస్తాను. కర్రలతో కాదు, నీళ్ళు పట్టి ఉంచుకునే ఒక రకం జెల్లీతో. హైడ్రోజెల్ అంటారు. దాన్ని గడ్డకట్టించి, లోపలి ఐసుని ఆవిరిగా లాగేస్తే, ఐసు ఉన్న చోటల్లా ఖాళీ మిగులుతుంది. చేతిలోకి తీసుకుంటే తెల్లటి స్పాంజి ముక్కలా ఉంటుంది, బరువే ఉండదు. ఆ ఖాళీల్లోంచి జీవకణాలు లోపలికి పాకి, అక్కడ కాపురం పెట్టి, కండ అల్లుకోవాలి. అల్లుకున్నాక పరంజా దానంతటదే కరిగిపోవాలి. చెప్పడానికి ఇంతే, చెయ్యడానికి మాత్రం నాకు ఆరేళ్ళు పట్టింది.

రాజమండ్రి చివర ఒక కాలేజీలో మా ల్యాబు. ఇల్లు రామచంద్రపురంలో. రోజూ మండపేట మీదుగా బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. ఇంట్లో ఇద్దరమే, నేనూ దొడ్డమ్మా. దొడ్డమ్మ మా అమ్మకి అక్క. అమ్మ పోయేసరికి నాకు నాలుగేళ్ళు. అప్పటికే భర్త పోయి ఒంటరిగా ఉన్న దొడ్డమ్మ నన్ను చంకనేసుకుని తెచ్చేసుకుంది. కాకినాడ వైపు ఒక రొయ్యల కంపెనీలో రొయ్యలు వలిచే పని చేసి నన్ను చదివించింది. తెల్లారకముందే కంపెనీ బస్సు మా సందు చివర హారన్ కొట్టేది. ఆ హారన్ తోనే నేను నిద్ర లేచేదాన్ని, అలారం పెట్టుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ జెల్లీ చెయ్యడానికి వాడే, పుండు మాన్పడానికి పనికొచ్చే కైటోసాన్ అనే పదార్థం రొయ్య పొట్టులోంచి వస్తుంది. శుభ్రమైన పొడిగా డబ్బాల్లో దొరుకుతుంది. నా పరిశోధన చూసే గైడు గారు ఆ డబ్బా పొడే వాడమన్నారు. నేను వినలేదు. ఇన్ని రొయ్యల చెరువుల మధ్య బతుకుతూ పొట్టు పొడిని డబ్బాలో తెప్పించుకోవడమేమిటి అని నా వాదన. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. దాంతో దొడ్డమ్మ వారానికి రెండుసార్లు కంపెనీలో అడిగి, మూత బిగించిన బకెట్లో పొట్టు తెచ్చేది. పెరట్లో కడిగి ఎండేసేది. నేను దాన్ని మోసుకుని బస్సెక్కేదాన్ని. నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీ. "రొయ్యల మేడం గారు ఎక్కారండి, కిటికీలు తియ్యండి" అని కండక్టరు వేళాకోళం చేసేవాడు. మా ఇంట్లో బట్టలకీ జుట్టుకీ కంచాలకీ అదే వాసన. మాకు తెలిసేది కాదు. ఎవరైనా వచ్చి ముక్కు మూసుకుంటే గుర్తొచ్చేది. ఈ వాసన సంగతి మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

మొదటి రెండేళ్ళు నేను చేసిన ముక్కలన్నీ దండగే. పైకి ముచ్చటగా ఉండేవి. వాటి మీద కణాలు వేసి, వెచ్చగా ఉంచి, వారం తర్వాత సన్నగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, కణాలన్నీ పైనే పోగుపడి కనిపించేవి. లోపలికి వెళ్ళిన ఒకటీ అరా తిండి అందక చచ్చిపోయేవి. లోపలి కన్నాలు మరీ చిన్నవి. దానికి తోడు పాల మీద మీగడ కట్టినట్టు ముక్క పైన పల్చటి పొర ఒకటి కట్టేది, దానికి కన్నాలే లేవు. "ఇల్లు బాగానే కట్టావమ్మా, గుమ్మం పెట్టడం మర్చిపోయావు" అనేవారు గైడు గారు, మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే. ఆయన నవ్వుతూ అనేవారు. నాకు మాత్రం ఏడుపొచ్చేది, ఆ ఏడుపు ఇంటికెళ్ళి కోపంగా బయటపడేది.

ఒక ఆదివారం పొద్దున్న పెరట్లో కూర్చుని ఇద్దరం గోంగూర ఒలుస్తున్నాం. నేను ఒలిచేదాని కంటే విసిరేదే ఎక్కువ.

"ఏంటమ్మలూ, ఆకు మీద చూపిత్తున్నావు కోపం. ఆకేం చేసింది నిన్ను?" అంది దొడ్డమ్మ.

చెప్పాను. కన్నాలు పెద్దవి కావాలి, చిన్నవే వస్తున్నాయి అని. ఆవిడకి అర్థమవుతుందని కాదు, ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఉండలేక.

"ఎలా గడ్డ కట్టిత్తున్నావు?"

"పెద్ద ఫ్రీజరుంది. పెట్టగానే చిటికెలో గడ్డకడుతుంది."

దొడ్డమ్మ నవ్వింది. "మరదే. మా కంపెనీలో కూడా రొయ్య చిటికెలో గడ్డకట్టాలి. అప్పుడు లోపల ఐసు పిండిలాగ ఉంటది, కండ చెక్కుచెదరదు. పోయిన ఎండాకాలం మిషను పాడైపోయి సరుకు నిదానంగా గడ్డకట్టింది. నిదానంగా కడితే ఐసు పలుకులు పలుకులుగా పెరుగుద్దమ్మా, కండని చీల్చేసుద్ది. కరిగాక చూత్తే రొయ్యంతా కన్నాలే, పిండితే నీళ్ళు. సూపర్‌వైజరు గారు మొత్తం పారబోయించేశారు."

నా చేతిలో గోంగూర కాడ చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళు పారబోసిన ఆ పాడు రొయ్యే నాకు కావలసింది. నిదానంగా గడ్డకడితే కన్నాలు పెద్దవవుతాయని నేను చదవకపోలేదు. చదివి, పరీక్షలో రాసి, అక్కడితో వదిలేశాను. ఖరీదైన ఫ్రీజరు ఉంది కదా అని దాన్నే పట్టుకుని వేలాడాను.

"మరి పైన కట్టే పొరో?" అన్నాను, ఈసారి నిజంగా అడుగుతూ.

"పైతోలేగా? రొయ్యకి తియ్యట్లేదేంటి? అలాగే తీసెయ్. దానికో చదువు కావాలా?" అంది.

మర్నాడే జెల్లీ పోసిన అచ్చుల్ని చల్లదనం నిదానంగా తగిలేలా థర్మోకోల్ పెట్టెలో పెట్టి ఫ్రీజర్లోకి నెట్టాను. చిటికెలో అయ్యేది పూట పట్టింది. ఎండాక కొత్త బ్లేడుతో పైతోలు చెక్కేశాను. మొదటి మూడుసార్లు ముక్కలు విరిగిపోయాయి. నాలుగోసారికి కణాలు లోపలికి నడిచాయి. మైక్రోస్కోపు కింద అవి మధ్య దాకా వెళ్ళి, చేతులు చాచి ఒకదాన్నొకటి పట్టుకుని కనిపించాయి. గైడు గారు చాలాసేపు చూశారు. "గుమ్మం పెట్టావన్నమాట. ఎలా తట్టిందమ్మా?" అన్నారు.

"ఏదో చేసి చూద్దామనండి" అన్నాను.

దొడ్డమ్మ మాట ఎత్తలేదు. రొయ్యలు వలిచే ఆవిడ చెప్పిందంటే ఆ గదిలో నా చదువు చిన్నబోతుందని భయం. ఈ మధ్యే ఆయనకి నిజం చెప్పాను. "ఆ రోజే చెప్పాల్సింది, ఒకసారి తీసుకొచ్చి చూపించేవాళ్ళం గదా" అన్నారు. దొడ్డమ్మ ఎప్పుడూ నా ల్యాబు చూడలేదు.

కణాలు లోపలికి నడిచిన రోజు సాయంత్రం ఇంటికి వస్తూ దారిలో దిగి కాజాలు కొన్నాను. ఆవిడకి షుగరు ఉంది, ఏళ్ళుగా మాత్రలు వేసుకుంటోంది. సగం తుంచుకుని తిని మిగతా సగం నా నోట్లో పెట్టింది. "అంత గొప్పదైతే నాకూ ఒక ముక్క తెచ్చి చూపించు" అంది.

మంచి ముక్కలు ప్రయోగాలకే చాలడం లేదు. పారేయడానికి పక్కన పెట్టిన ట్రేలో పాతవి ఉన్నాయి, చిన్న కన్నాలవి, పైతోలు తియ్యనివి. అందులోంచి ఒకటి తీసి కాగితంలో చుట్టి తెచ్చాను. చూడ్డానికే గదా, ఏదైతేనేం అనుకున్నాను.

దొడ్డమ్మ చేతులు కడుక్కుని వచ్చి దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. రొయ్యని పరీక్షించినట్టే అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇది పుండు మీద పెడితే కండ వచ్చేత్తదా?"

"దీని పనే అది."

"ఎన్నాళ్ళకి?"

"నెలలోపే రావాలి."

"షుగరున్నోళ్ళకి కూడానా?"

"వాళ్ళ కోసమే చేస్తున్నాం దొడ్డమ్మా" అన్నాను, సెల్‌ఫోన్ చూసుకుంటూ.

క్లాసులో పిల్లలకి చెప్పినట్టు చెప్పేశాను. ఇంకా ఎలకల మీదైనా పెట్టి చూడలేదనీ, మనిషి ఒంటి మీదకి రావడానికి ఏళ్ళు పడుతుందనీ, నీ చేతిలోది అసలు దేనికీ పనికిరాదనీ ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు మొదటినుంచీ నోరు ఎక్కువ, చూపు తక్కువ. ఆవిడ నా పని గురించి అడుగుతోందనుకుని మురిసిపోయాను. ఆవిడ తన కాలి గురించి అడుగుతోంది. ముక్కని మళ్ళీ కాగితంలో చుట్టి, మాత్రలు పెట్టుకునే డబ్బాలో దాచుకుంది.

కాలి సంగతి నాకు తర్వాత తెలిసింది, ఇక్కడే చెప్పేస్తాను. కంపెనీలో లోపలికి వెళ్ళే ముందు మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు వేసుకోవాలి, క్లోరిన్ నీళ్ళ తొట్టిలో అడుగు పెట్టి దాటాలి. చేతులు చాపి చూపించాలి. వేలికి చిన్న గాటున్నా ఆ రోజుకి ఇంటికి పంపించేస్తారు. జనం తినే సరుకు, ఆ రూలు న్యాయమైనదే. కాళ్ళు మాత్రం ఎవరూ చూడరు, బూట్లలో ఉంటాయి కాబట్టి. ఆ బూటు లోపలి అంచు ఒరుసుకుని దొడ్డమ్మ ఎడమ మడమ మీద పుండు పడింది. షుగరు ముదిరిన కాలికి నొప్పి తెలియదు. నొప్పి లేదు కాబట్టి తగ్గిపోతోందనుకుంది. పసుపు అద్దింది, కాఫీ పొడి అద్దింది. చెబితే పని మాన్పించేస్తానని నాకు చెప్పలేదు. పని మానేస్తే నాకు పొట్టు ఎవరు తెస్తారని తోటి ఆడవాళ్ళతో అందట.

ఇంట్లో మేజోళ్ళు వేసుకుని తిరగడం మొదలుపెట్టింది. ఏంటిది అని ఒకసారి అడిగాను. "గచ్చు చల్లగా ఉంటందమ్మా" అంది. ఏప్రిల్ నెల అది. ఏప్రిల్లో రామచంద్రపురంలో గచ్చు చల్లగా ఉందంటే నమ్మి, కంచం ముందు కూర్చుని అన్నం తినేశాను. పుండ్ల మీద పరిశోధన చేసేదాన్ని నేను. షుగరున్న మనిషిని కాళ్ళు చూపించమని అడగాలన్నది ఆ చదువులో మొదటి పాఠం.

ఇంకే ఇంట్లోనైనా వాసన పట్టిచ్చేది. మా ఇంట్లో పెరటి నిండా రొయ్య పొట్టు. ఒకరోజు అన్నం దగ్గర వాసన మరీ ఎక్కువైతే నేనే విసుక్కున్నాను. "పొట్టు సరిగ్గా కడగట్లేదా ఏంటి? కుళ్ళిపోతున్నట్టుంది" అన్నాను. దొడ్డమ్మ కంచం ముందు నుంచి లేచింది. చెయ్యి కడుక్కుని, పెరట్లోకి వెళ్ళి, అప్పటికే కడిగి ఎండబెట్టిన పొట్టుని మళ్ళీ బకెట్లో పోసి కడిగింది. వంగి కడుగుతున్న ఆవిడ వీపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ రోజుని తిరిగి ఇచ్చేస్తామంటే నా చదువంతా ఇచ్చేస్తాను.

మే నెలలో ఒక తెల్లవారుజామున హారన్ మోగింది. మళ్ళీ మోగింది. దొడ్డమ్మ లేవలేదు. వెళ్ళి చెయ్యి పట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. దుప్పటి లాగాను. ఎడమ మేజోడు కాలికి అతుక్కుపోయి ఉంది. నీళ్ళు పోసి, నానబెట్టి, మెల్లగా తీశాను. తీశాక ఆటో కోసం సందు చివరికి పరిగెత్తాను.

కాకినాడ ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ పుండు కడిగింది. పట్టకారుతో లోపల వెతుకుతూ మెత్తగా నానిపోయిన, బూడిదరంగు ముక్క ఒకటి బయటికి తీసి వెలుతురుకి పెట్టింది. సగం కరిగిపోయినా నేను గుర్తుపట్టాను.

"ఏంటమ్మా ఇది? లోపల ఏం పెట్టారు?" అని అడిగింది.

దొడ్డమ్మ ముందు నావైపు చూసింది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "దూదండి. రక్తం ఆగట్లేదని కుక్కానండి" అంది.

డాక్టరమ్మ దాన్ని పసుపురంగు బుట్టలో పడేసింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ పుండులోకి ఏం వెళ్ళిందో వాళ్ళకి చెప్పాల్సినదాన్ని నేనే. దొడ్డమ్మ నా కోసమే అబద్ధమాడుతోందని తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

మర్నాడు మోకాలి కిందికి కాలు తీసేశారు. ఆ మరుసటి రోజు దొడ్డమ్మ బట్టల కోసం ఇంటికెళ్ళాను. మాత్రల డబ్బా ఖాళీగా ఉంది. దాని పైన గోడకున్న క్యాలెండర్లో రోజుకొకటి చొప్పున పెన్నుతో చుక్కలు పెట్టి ఉన్నాయి. లెక్కపెట్టాను, ఇరవై ఆరు. నెలలోపే రావాలి అన్నాను కదా, నాలుగు రోజులు ఇంకా మిగిలే ఉన్నాయి.

ఆ సాయంత్రం వరండాలో డాక్టరమ్మని ఆపి ముక్క సంగతి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఎముక దాకా ఎప్పుడో పాకి ఉంటుందండి. మీ ముక్క వల్ల ఇలా అయిందని నేను చెప్పలేను, కాలేదనీ చెప్పలేను" అంది. వెళ్ళబోతూ ఆగి, "అది పెట్టుకున్నాక ఎన్నాళ్ళు ఆగారు?" అని అడిగింది. ఇరవై ఆరు రోజులని చెప్పాను. ఆవిడ తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

విషం రక్తంలోకి ఎక్కింది. కాలు తీసిన పదిహేనో రోజు దొడ్డమ్మ పోయింది. చివరి వారం నన్ను మా అమ్మ అనుకుని మాట్లాడింది, చిన్నప్పటి ఆటల గురించి, ఎవరిదో పెళ్ళి గురించి. ఇప్పుడు నా ముక్కలు ఎలకల పుండ్ల మీద బాగానే పనిచేస్తున్నాయి. మనుషుల దాకా ఇంకా రాలేదు. పొట్టు మాత్రం ఇప్పుడు నేను తేను, డబ్బాలో పొడే వాడుతున్నాను. బస్సులో నా పక్కన జనం కూర్చుంటున్నారు.

ఇదంతా రాయడానికి కూర్చున్నది ఒక్క సంగతి చెప్పడానికి. కాలు తీసిన నాలుగో రోజు పొద్దున్న దొడ్డమ్మకి జ్వరం కాస్త తగ్గి మాట స్పష్టంగా ఉంది. నేను గ్లాసులో సగ్గుబియ్యం జావ చల్లారుస్తున్నాను. నన్ను దగ్గరికి రమ్మంది. పక్క మంచం వాళ్ళకి వినిపించకుండా గొంతు తగ్గించింది.

"అమ్మలూ, ఆ ముక్క గురించి నువ్వు బెంగెట్టుకున్నావు, నాకు తెలుత్తానే ఉంది."

నేను గ్లాసు కింద పెట్టాను.

"నీ ముక్క మంచిదే. నువ్వు పైతోలు తియ్యటం మర్చిపోయావు, అంతే. తొందర నీకు చిన్నప్పటి నుంచీ. నేను వెలుతురుకి పెట్టి చూడగానే కనిపెట్టేశాను. బ్లేడుతో నేనే తీసేసి పెట్టుకున్నాను. ఎక్కడా చిరగలేదు, సమంగా వచ్చింది. అయినా పట్టలేదంటే లోపం నా ఒంట్లోనే ఉందమ్మా. నీ చదువులో లేదు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈవిడ పెరటి చెట్టునే నమ్ముకుంది. ఆ ముక్క పైతోలు తీసినా పనికిరానిదనీ, పారేసే ట్రేలోంచి తెచ్చాననీ, మంచిది నీకివ్వడానికి నా చెయ్యి రాలేదనీ నోటి చివరి దాకా వచ్చింది. నిజం చెబితే నా గుండె తేలికపడేది. ఆవిడకి ఏం మిగులుతుంది? చెత్త ముక్కని చేతిలో పెడితే దేవుడి ప్రసాదంలా దాచుకున్నానని తెలుసుకుని, ఒంటికాలితో ఆ మంచం మీద పడుకోవడం.

"అవును దొడ్డమ్మా. మర్చిపోయాను" అన్నాను.

ఆవిడ మొహం తేటపడింది. నా చెయ్యి అందుకుంది. ఇరవై ఏళ్ళకి పైగా ఐసునీళ్ళలో నాని మొద్దుబారిన వేళ్ళతో నా అరచేతిని నిమిరింది.

"పోనీలే. ఇంకోళ్ళకి ఇచ్చేటప్పుడు మర్చిపోకు" అంది.

మర్చిపోనన్నాను.